పీచు పట్టును పరీక్షించాకే బిల్లు చెల్లించండి

సత్తెనపల్లి చుట్టుపక్కల మిర్చి, పత్తి చేల మీద మందు కొట్టే డ్రోను ఇప్పుడు వింతేమీ కాదు. 2021-22లో నల్ల తామరపురుగు మిర్చి తోటల్ని ఊడ్చిపెట్టినప్పుడు రైతులు తైవాన్ పంపులు భుజాన వేసుకుని, మూతికి తువ్వాలు చుట్టుకుని, సాలు వెంట సాలు తిరిగారు. మందు వాసనకు కళ్లు తిరిగి గట్టు మీద కూలబడిన వాళ్లను నేను చూశాను. ఆ ఏడాది తర్వాత ఇక్కడి రైతుకు డ్రోను ఒక ఆశ. మహిళా స్వయం సహాయక సంఘాలకు 15,000 డ్రోన్లు ఇచ్చే పథకాన్ని కేంద్రం 2023 నవంబరులో ఆమోదించింది. దానికి కేటాయించింది 1,261 కోట్ల రూపాయలు. డ్రోను ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షలు, ప్రభుత్వమే భరిస్తుంది. గుంటూరు పక్కన లాంలో ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం డ్రోను పైలట్లకు శిక్షణ ఇస్తోంది. ఇదంతా మంచిదే, కావలసిందే.

అయితే నా చేతికొచ్చిన కొటేషన్లలో, బ్రోచర్లలో ఒక సంగతి మాత్రం ఎక్కడా కనపడలేదు. ట్యాంకు ఎన్ని లీటర్లదో ఉంటుంది. బ్యాటరీ ఎంతసేపు వస్తుందో, నాజిళ్లు ఎన్నో ఉంటాయి. ఫ్రేము గురించి మాత్రం ‘కార్బన్ ఫైబర్’ అన్న రెండు మాటలతో సరిపెడతారు. ఆ పీచుకు పైతలం శుద్ధి జరిగిందా, పీచుకూ దాన్ని పట్టి ఉంచే రెసిన్‌కూ మధ్య పట్టు ఎంత, దాన్ని ఎవరైనా కొలిచారా? ప్రజల సొమ్ముతో కొనే ప్రతి డ్రోను విషయంలోనూ ఈ ప్రశ్నకు కాగితం మీద జవాబు వచ్చాకే బిల్లు చెల్లించాలని నా వాదన.

నాది సత్తెనపల్లి దగ్గరి పల్లె. కెమిస్ట్రీ చదువుకుని హైదరాబాద్‌లో కాంపోజిట్ విడిభాగాలు తయారుచేసే ఒక యూనిట్లో, నాణ్యత పరీక్షల విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపాను. తయారైన ముక్కల్ని యంత్రం మీద పెట్టి విరగ్గొట్టి, ఏ బరువు దగ్గర, ఏ చోట, ఏ తీరున విరిగాయో రాసిపెట్టడం నా పని. విరిగిన అంచు చూస్తే ఆ ముక్క పుట్టుక తెలిసిపోతుందని అక్కడే నేర్చుకున్నాను. అందుకే ఈ విషయంలో ఊరుకోలేకపోతున్నాను.

కార్బన్ పీచు మన స్వెటర్లలోని యాక్రిలిక్ దారానికి దగ్గరి చుట్టం. ఆ జాతి దారాన్నే ముందు గాలిలో 200 నుంచి 300 డిగ్రీల వేడి మీద మగ్గబెడతారు. తర్వాత గాలి సోకని కొలిమిలో, నైట్రోజన్ మధ్య, 1,000 నుంచి 1,500 డిగ్రీల దాకా తీసుకెళ్తారు. దారంలోని మిగతా మూలకాలు ఆవిరై పోగా దాదాపు సగం బరువు మాత్రమే మిగులుతుంది. మిగిలిందంతా ఇంచుమించు కార్బనే. ఒక్కో పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ఐదో ఆరో ఏడో. ఉక్కుతో పోలిస్తే బరువు నాలుగో వంతు కూడా ఉండదు. లాగుడుకు మాత్రం ఉక్కును మించి తట్టుకుంటుంది.

ఇంత గుణమున్నా పోగు ఒంటరిగా దేనికీ పనికిరాదు. వంచితే పుటుక్కున తెగుతుంది, నొక్కితే నిలవదు. వేలాది పోగుల్ని ఎపాక్సీ లాంటి రెసిన్‌లో ముంచి గట్టిపరిస్తేనే అది గొట్టమవుతుంది, రెక్క అవుతుంది, డ్రోను చేయి అవుతుంది. ఆ చేతి మీద పడ్డ బరువును ఒక పోగు నుంచి పక్క పోగుకు చేరవేసేది మధ్యనున్న రెసినే. పోగును రెసిన్ గట్టిగా పట్టుకోకపోతే బరువు చేరదు. పోగులకు ఎంత బలమున్నా, దేని దారిన అది జారిపోతుంది.

చిక్కంతా కొలిమి దగ్గరే మొదలవుతుంది. వేడి పెంచేకొద్దీ కార్బన్ పరమాణువులు చక్కగా పలకలుగా సర్దుకుంటాయి, పీచు బిర్రు పెరుగుతుంది. 2,000 డిగ్రీలు దాటించిన పీచులో ఆ పలకలు పైతలానికి సమాంతరంగా, నున్నగా పరుచుకుంటాయి. అలాంటి తలం దేనితోనూ చేయి కలపదు. పీచు ఎంత మేలురకమైతే రెసిన్‌తో అంత ఎడముఖంగా ఉంటుంది. పత్తి పండించే వాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చిన ముడి దూదిని నీళ్లలో వేస్తే తేలుతుంది, తడవదు. దాని ఒంటి మీద సహజంగా సన్నని మైనం ఉంటుంది కాబట్టి. కాస్టిక్ సోడాతో ఉడికించి ఆ మైనం పోగొడితేనే ఆసుపత్రి దూది అవుతుంది, రంగు వేస్తే పడుతుంది. దూది అదే, మారింది పైపొర మాత్రమే.

కార్బన్ పీచుకు ఆ పని చేసేది కరెంటు. కాంపోజిట్ పరిశ్రమ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే, ఎందుకంటే డిగ్రీ ఫైనలియర్‌లో చదివిన విద్యుద్విశ్లేషణ ఇక్కడ కళ్లముందు కనిపిస్తుంది. కొలిమి దాటి వచ్చిన పీచు జడ గ్రాఫైట్ రోలర్ల మీదుగా ఒక తొట్టెలోకి దిగుతుంది. తొట్టెలో నీళ్లు, ఆ నీళ్లలో ఎక్కువగా అమ్మోనియం బైకార్బొనేట్, అంటే బిస్కెట్లు పొంగడానికి బేకరీల్లో వాడే ఉప్పే. రోలరు ద్వారా డీసీ కరెంటు నేరుగా పీచులోకి వెళ్తుంది, కార్బన్‌కు కరెంటును మోసే గుణం ఉంది గనక. పీచే ఆనోడ్, తొట్టెలోని పలకలు కాథోడ్. కరెంటు పారగానే పీచు ఒంటి మీదే, అక్కడికక్కడే, ఆక్సిజన్ పుడుతుంది. ముందు అది పైనున్న బలహీనమైన, పొట్టులా లేచిపోయే కార్బన్ పొరను తినేస్తుంది. ఆ తర్వాత కింద బయటపడ్డ పలకల అంచుల్ని పట్టుకుని అక్కడ హైడ్రాక్సిల్, కార్బొనిల్, కార్బాక్సిల్ గుంపుల్ని నిలబెడుతుంది. ఎపాక్సీ రెసిన్ చేయి చాచి పట్టుకునేది ఆ గుంపుల్నే.

తొట్టెలో పీచు ఉండే కాలం కొన్ని సెకన్లు, మహా అయితే నిమిషాల్లో లెక్క. బయటికి రాగానే నీళ్లతో కడుగుతారు, ఆరబెడతారు, సైజింగ్ అనే పల్చని పూత వేసి చుట్టలు చుడతారు. ఆ పూత సాధారణంగా పీచు బరువులో ఒక శాతం చుట్టుపక్కలే. లైను ఎక్కడా ఆగదు. అందుకే పరిశ్రమ ఈ పద్ధతిని పట్టుకుంది. మొదట్లో నైట్రిక్ ఆమ్లంలో గంటల తరబడి మరిగించేవారు, వేడి గాలిలో కాల్చేవారు. గాలి పద్ధతిలో అదుపు తప్పితే పోగు ఒంటి మీద గుంటలు పడతాయి. కరెంటుకైతే మీటరు ఉంది. గ్రాము పీచుకు ఎన్ని కూలుంబుల విద్యుదావేశం ఇస్తున్నామో కొలిచి, పెంచి, తగ్గించి, రోజంతా ఒకే తీరున నడపవచ్చు.

ఒక లెక్క చెబుతాను. 7 మైక్రాన్ల పోగులున్న కిలో పీచును పొడవుగా పరిస్తే 14,000 కిలోమీటర్లు దాటుతుంది. ఆ పోగుల పైతలం అంతా కలిపితే దాదాపు 317 చదరపు మీటర్లు, మన లెక్కలో ఎనిమిది సెంట్ల స్థలానికి కాస్త తక్కువ. కిలో పీచు పెట్టి చేసిన వస్తువులో రెసిన్‌కూ పీచుకూ మధ్య అంత సరిహద్దు ఉంటుంది. ఆ విస్తీర్ణం మొత్తంలో పట్టు ఉందా లేదా అన్నదే వస్తువు బతుకును తేలుస్తుంది. శుద్ధి చేయని హెచ్చు బిర్రు పీచుతో పోలిస్తే, శుద్ధి చేసిన దానితో పొరల మధ్య కోత బలం రెట్టింపు కావడం, ఒక్కోసారి అంతకు మించడం కాంపోజిట్ల వాళ్లకు బాగా తెలిసిన సంగతి.

శుద్ధి ఎక్కువైనా చెరుపే. కరెంటు మోతాదు మించితే ఆక్సిజన్ మంచి కార్బన్‌ను కూడా కొరుకుతుంది, పోగు బలం తగ్గుతుంది. పట్టు మరీ బిగిస్తే ఇంకో ప్రమాదం. రెసిన్‌లో పుట్టిన పగులు పోగు దగ్గర ఆగి పక్కకు మళ్లకుండా పోగును కూడా చీల్చుకుంటూ వెళ్తుంది, వస్తువు పెళుసుగా విరుగుతుంది. రెసిన్ బదులు కార్బన్‌నే పోసి చేసే కార్బన్-కార్బన్ పదార్థాల్లో ఈ బాధ మరీ ఎక్కువ. అక్కడ శుద్ధి చేయని పీచే మెరుగైన సందర్భాలున్నాయి. ఏ పనికి ఎంత పట్టు కావాలో తేల్చుకోవాలి, తేల్చుకున్నది వచ్చిందో లేదో కొలవాలి. నేను కాగితం అడుగుతున్నది అందుకే.

ఈ పాఠం ప్రపంచం ఒక్కరోజులో నేర్చుకోలేదు. జపాన్‌లో అకియో షిండో 1960 ప్రాంతంలో యాక్రిలిక్ జాతి దారం నుంచి కార్బన్ పీచు తీశాడు. కొన్నేళ్లకే బ్రిటన్‌లో ఫార్న్‌బరో విమాన పరిశోధన సంస్థలో విలియం వాట్ బృందం దాన్ని బాగా బలమైన పీచుగా మలచింది. పీచు గొప్పగా వచ్చింది కానీ పొరల మధ్య పట్టు నిరాశపరచింది. పైతలం శుద్ధి అనే విద్య అక్కడి ప్రయోగశాలల్లో ఆ అవసరం కొద్దీ పుట్టింది. అదే కాలంలో రోల్స్‌రాయిస్ తన కొత్త జెట్ ఇంజినుకు కార్బన్ పీచు ఫ్యాను రెక్కలు పెట్టాలనుకుంది. పక్షి తగిలితే తట్టుకుంటుందా అన్న పరీక్షలో 1970లో అవి నిలవలేదు. టైటానియంకు మళ్లక తప్పలేదు. ఖర్చులు తడిసిమోపెడై 1971 ఫిబ్రవరి 4న కంపెనీ దివాలా ప్రకటించింది. దివాలాకు రెక్కలొక్కటే కారణం కాదు. అయినా, పీచు బలం చూసి మొత్తం వస్తువు బలాన్ని ఊహించుకోకూడదని ఆ ఉదంతం ఇంజినీర్లందరికీ నేర్పింది.

మన దగ్గర ఈ విద్యకు పుట్టిల్లు లాంటిది హైదరాబాద్. 1989 మే 22న తొలిసారి ఎగిరిన అగ్ని క్షిపణి వెనక అక్కడి రక్షణ ప్రయోగశాలల్లో కాంపోజిట్ల మీద జరిగిన పని చాలా ఉంది. ఆ ల్యాబు పదార్థాన్ని చేత్తో ఎత్తి చూసిన నిమ్స్ ఎముకల వైద్యుడొకరు అబ్దుల్ కలాంను తన వార్డుకు తీసుకెళ్లిన సంగతి, కలాం తన ప్రసంగాల్లో ఎన్నోసార్లు చెప్పారు. అక్కడ పోలియో పిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లను ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. ఆ పిల్లల తల్లిదండ్రులు కన్నీళ్లు పెట్టుకున్నారని ఆయన చెప్పేవారు. మా యూనిట్లో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ నేను ముందు ఈ కథే చెప్పేవాణ్ని. తేలికదనం అంటే కొందరి ఒంటి మీద నుంచి దిగిన బరువు అని తెలిస్తే పరీక్షలో అశ్రద్ధ చేయరని నా నమ్మకం. ఆ తర్వాత 2001 జనవరి 4న ఎగిరిన తేజస్ యుద్ధవిమానం దేహంలో బరువు ప్రకారం 45 శాతం దాకా కాంపోజిట్లే.

క్షిపణికీ విమానానికీ ప్రతి బ్యాచి పీచునూ పరీక్షిస్తారు. మిర్చి తోట మీద ఎగిరే డ్రోనుకు ఎందుకు అక్కర్లేదు?

మా మేనల్లుడు డ్రోను కొని చుట్టుపక్కల ఊళ్లలో మందు కొడుతుంటాడు. ఒక సాయంత్రం విరిగిన చేయి, పైలట్ల మాటలో ఆర్మ్, సంచిలో వేసుకుని వచ్చాడు. “మావయ్యా, ఇనుముకన్నా గట్టిదని చెప్పి అమ్మారు. ఇదేంది, ఇట్టా చీలిపోయింది?” అన్నాడు. చెట్టుకు తగల్లేదు, కింద పడలేదు. నిండు ట్యాంకుతో పైకి లేస్తుండగా క్లాంపు పక్కన చీలిందట. ఫ్రేము ఎవరు చేశారో ఇక్కడ చెప్పను. ఒక్క ముక్కను చూసి ఒకరి పేరు తీయడం న్యాయం కాదు.

భూతద్దం పెట్టి చూశాను. పోగులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, వాటి ఒంటి మీద రెసిన్ జాడ లేదు, నల్లగా నున్నగా మెరుస్తున్నాయి. ఎదురుగా రెసిన్‌లో పోగులు జారిపోయిన గాడులు ఖాళీగా ఉన్నాయి. పట్టు బాగున్న ముక్క ఇలా విరగదు. పోగులకు రెసిన్ ముక్కలు కరుచుకుని ఉంటాయి, అంచు గరుగ్గా ఉంటుంది. అల్యూమినియం క్లాంపు లోపలి వైపు తెల్లగా పొడి రాలుతోంది. అది వేరే జబ్బు. కార్బన్, అల్యూమినియం నేరుగా తగిలి, మధ్యలో మందు నీళ్లు చేరితే అదొక చిన్న బ్యాటరీ అయి అల్యూమినియంను తినేస్తుంది. విమానాల్లో ఈ రెంటి మధ్య గాజుపీచు పొర వేస్తారు, లేకపోతే టైటానియం వాడతారు. తోటల మీద వాడే ఫ్రేముకు కూడా ఆ గాజుపీచు పొర వేయడం పెద్ద ఖర్చు కాదు.

సంఘం తరఫున శిక్షణకు వెళ్లొచ్చిన ఒక చెల్లెలు అదే వారం మా ఇంటికొచ్చి ఆ ముక్కను చూసింది. “అన్నా, ట్యాంకు గురించి చెప్పారు, బ్యాటరీ గురించి చెప్పారు. ఇది విరుగుద్దని మాత్రం ఎవరూ చెప్పలా. పొలంలో మనిషి మీద పడితే ఏం గాను?” అంది. వాళ్ల డ్రోను సంఘంలో పదిమంది పూచీ మీద తెచ్చుకున్నది. ఆమె ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ఆమె పైలటింగ్ కాదు, ఫ్రేము చేసినవాళ్లు.

ఆ జవాబు రాబట్టే పరీక్ష చాలా చిన్నది. దాన్ని షార్ట్ బీమ్ పరీక్ష అంటారు, దానికి ఏఎస్‌టీఎం డీ 2344 అనే ప్రమాణం ఉంది. ముక్క మందం ఎంతుంటే దానికి ఆరు రెట్ల పొడవు, రెండు రెట్ల వెడల్పున పట్టీలు కోస్తారు. మందానికి నాలుగు రెట్ల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద పట్టీని పెట్టి మధ్యలో నొక్కుతారు. పట్టీ అంత పొట్టిగా ఉండటం వల్ల వంగి విరిగే వీలుండదు, పొరల మధ్య జారి చీలుతుంది. చీలిన బరువు చూసి పొరల పట్టు లెక్కగడతారు. గొట్టం నుంచి పట్టీ కోయడం కష్టమైతే, అదే పీచు, అదే రెసిన్, అదే వేడి మీద ఒక చదును పలక చేసి ఇమ్మంటే చాలు. విజయవాడ దగ్గర సూరంపల్లిలో ప్లాస్టిక్స్ పరీక్షలకు కేంద్ర ప్రభుత్వ సంస్థ సిపెట్ ఉంది. ఈ పని అలాంటి చోట జరగాలి, అమ్మేవాళ్ల సొంత ల్యాబులో కాదు.

“మేం పేరున్న కంపెనీ పీచే వాడతాం, శుద్ధి అక్కడే అయి వస్తుంది” అని తయారీదారులు అంటారు. నిజమే, మంచి కంపెనీల పీచు శుద్ధి అయ్యే వస్తుంది. అయినా అది చాలదు. ఎపాక్సీ కోసం సైజింగ్ వేసిన పీచును ధర తక్కువని వినైల్ ఎస్టర్‌లోనో పాలియెస్టర్‌లోనో ముంచితే పట్టు రాదు. చుట్టలు తేమలో ఏళ్ల తరబడి పడి ఉండొచ్చు. రెసిన్ పూర్తిగా ఉడకకపోవచ్చు, గాలి బుడగలు మిగలొచ్చు. మా మేనల్లుడి ఆర్మ్‌లో వీటిలో ఏది జరిగిందో ఒక్క భూతద్దంతో తేల్చలేను. షార్ట్ బీమ్ పరీక్షలో తప్పు ఎక్కడ జరిగినా అంకె పడిపోతుంది. కొనేవాడికి ముందు కావలసింది ఆ అంకే. ఖర్చు పెరుగుతుందన్న మాటను కూడా నేను ఒప్పుకోను. పరీక్ష బ్యాచికి ఒకసారి, లక్షల్లో సబ్సిడీ అందుకునే యంత్రానికి ఒకసారి కాదు.

మన కాలేజీల గురించి కూడా ఒక మాట. కార్బన్ పీచు కర్మాగారం పెట్టాలంటే వందల కోట్లు కావాలి, మన దేశం ఇప్పటికీ ఎక్కువగా దిగుమతి మీదే బతుకుతోంది. పైతలం శుద్ధి నేర్చుకోవడానికి మాత్రం ఒక డీసీ పవర్ సప్లై, రెండు గ్రాఫైట్ రోలర్లు, ఒక తొట్టె, అమ్మోనియం బైకార్బొనేట్ చాలు. నరసరావుపేట జేఎన్‌టీయూ కళాశాలలో, నాగార్జున విశ్వవిద్యాలయంలో, మన డిగ్రీ కాలేజీల్లో కెమిస్ట్రీ పిల్లలు చేయగల పని ఇది. చేతికి తుక్కు పీచు కూడా దొరుకుతుంది. పాడైన కాంపోజిట్లను కాల్చి పీచు వెనక్కి తీసినప్పుడు దాని సైజింగ్ పోతుంది, పైన మసి పేరుకుంటుంది, మళ్లీ శుద్ధి చేయనిదే పనికిరాదు. మోతాదు మారుస్తూ శుద్ధి చేసి, పట్టీలు చేసి, విరగ్గొట్టి చూస్తే అది ఎమ్మెస్సీ పిల్లవాడికి అసలైన ప్రాజెక్టు. కార్బన్ పీచు అనగానే మెకానికల్ వాళ్ల సబ్జెక్టని మన కెమిస్ట్రీ శాఖలు పక్కకు తప్పుకోవడం నాకు బాధ కలిగిస్తుంది. అందులో గెలుపోటములు తేలేది రసాయనం దగ్గరే.

పల్నాడు, గుంటూరు, ప్రకాశం జిల్లాల వ్యవసాయ అధికారులను నేను కోరేది కొనుగోలు నిబంధనల్లో రెండు వాక్యాలు. ఫ్రేము పీచుకు ఏ శుద్ధి, ఏ సైజింగ్ జరిగిందో, ఏ రెసిన్ వాడారో తయారీదారు రాసివ్వాలి. ఆ బ్యాచి నుంచి చేసిన పలక మీద స్వతంత్ర ల్యాబులో షార్ట్ బీమ్ పరీక్ష ఫలితం జతచేయాలి. వచ్చే ఖరీఫ్ కొనుగోళ్లకు ముందే ఈ నిబంధన పెడితే, పట్టీలు ఎలా కోయాలో, విరిగిన అంచును ఎలా చూడాలో మండల సిబ్బందికీ సంఘాల మహిళలకూ నేర్పడానికి నేను సత్తెనపల్లి నుంచి ఏ ఊరికి రమ్మన్నా వస్తాను. మా మేనల్లుడి ఆర్మ్ కూడా తెస్తాను.